బడిలో ఉండగానే కాలేజీ క్రెడిట్

అమెరికా హైస్కూళ్లలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు చదివే కొన్ని పాఠాలు తర్వాత కాలేజీ డిగ్రీలోనూ లెక్కకు వస్తాయి. కాలేజీలో అడుగుపెట్టే రోజుకే కొందరికి ఒక సెమిస్టర్ చదువు పూర్తయి ఉంటుంది. ఇంకొందరు హైస్కూల్ పట్టాతో పాటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా అందుకుంటారు. ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. బడిలో కాలేజీ స్థాయి పాఠం చదివి, ఏడాది చివర దేశమంతటికీ ఒకటే అయిన పరీక్ష రాయడం మొదటిది. దాని పేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అక్కడి తెలుగు ఇళ్లలో ‘ఏపీ క్లాసులు’ అని వినిపించేది దీని గురించే. కాలేజీ కోర్సులోనే నేరుగా పేరు నమోదు చేసుకుని, ఒకే చదువుకు బడిలోనూ కాలేజీలోనూ క్రెడిట్ పొందడం రెండోది. దీన్ని డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఈ రెండు దారులూ ఎవరి కోసం మొదలయ్యాయి, చివరికి ఎవరికి అందాయి అన్నదే వీటి చరిత్రలో ముఖ్యమైన విషయం.

బడికీ కాలేజీకీ మధ్య ఉన్న గీత అంత పాతదేమీ కాదు. 19వ శతాబ్దంలో అమెరికా కాలేజీలు చాలావాటికి సొంత సన్నాహక విభాగాలుండేవి. తగినన్ని హైస్కూళ్లు లేని చోట కాలేజీలే చిన్న పిల్లలను చేర్చుకుని పై చదువుకు తయారు చేసుకునేవి. మరోవైపు ఫిలడెల్ఫియాలోని సెంట్రల్ హైస్కూల్‌కు 1849లో పెన్సిల్వేనియా శాసనసభ డిగ్రీలు ఇచ్చే అధికారమే కట్టబెట్టింది. ఆ బడి అధిపతిని నేటికీ కాలేజీ అధిపతిలా ‘ప్రెసిడెంట్’ అనే పిలుస్తారు. బడి ఎక్కడ ముగుస్తుందో, కాలేజీ ఎక్కడ మొదలవుతుందో అప్పట్లో ఊరికో లెక్క.

ఆ లెక్కను ఒక దారికి తెచ్చింది ప్రొఫెసర్ల పింఛన్ల వ్యవహారం. 1905లో ఆండ్రూ కార్నెగీ కాలేజీ అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చారు. ఆ డబ్బు పంచాలంటే అసలు ఏది కాలేజీ, ఏది కాదు అని ముందు తేల్చాలి. ఆ పని చేపట్టిన కార్నెగీ ఫౌండేషన్ కొన్ని షరతులు పెట్టింది. కాలేజీలో చేరే విద్యార్థి హైస్కూల్లో కనీసం 14 యూనిట్లు పూర్తి చేసి ఉండాలన్నది వాటిలో ఒకటి. ఏడాదిలో ఒక విషయానికి 120 గంటల తరగతి జరిగితే అది ఒక యూనిట్. పింఛను కావాలనుకున్న కాలేజీలన్నీ ఈ షరతుకు ఒప్పుకున్నాయి. కాలేజీల్లో సీటు కావాలి కాబట్టి హైస్కూళ్లూ తమ చదువును ఈ యూనిట్లలోకి మార్చుకున్నాయి. కాలేజీల్లోనూ వారానికి ఇన్ని గంటలు, సెమిస్టరుకు ఇన్ని క్రెడిట్లు అన్న కొలత స్థిరపడింది. నేడు ఒక కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి దాదాపు 120.

గంటలతో చదువును కొలవడం సరైన పనేనా అన్న వాదన నాటి నుంచీ ఉంది. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే ఈ కొలత వల్లే చదువును ముక్కలుగా లెక్కపెట్టి, ఒక చోటి నుంచి మరో చోటికి పట్టుకెళ్లే వీలు కలిగింది. పదహారేళ్ల పిల్ల బడిలో సంపాదించిన మూడు క్రెడిట్లను రెండేళ్ల తర్వాత మరో ఊరి యూనివర్సిటీ తన పుస్తకంలో రాసుకోగలుగుతోందంటే అది ఆ పింఛన్ల షరతు చలవే.

గీత ఇలా స్థిరపడకముందే దాన్ని దాటే ప్రయత్నం ఒకటి జరిగింది. చికాగోకు దగ్గరలోని జోలియెట్ ఊళ్లో 1901లో హైస్కూల్ సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, చికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ కలిసి, హైస్కూల్ పూర్తయిన పిల్లలకు అదే బడిలో మరో రెండేళ్ల కాలేజీ పాఠాలు చెప్పించారు. మొదట చేరింది ఆరుగురు. ఊరు విడిచి వెళ్లలేని, ఖర్చు భరించలేని కుటుంబాలకు అది అక్కరకొచ్చింది. జోలియెట్ జూనియర్ కాలేజీ అమెరికాలో మొట్టమొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీగా పేరు పొందింది. తర్వాత దేశమంతటా వెలసిన కమ్యూనిటీ కాలేజీలకు అదే మూలం.

‘జూనియర్ కాలేజీ’ అనే మాట తెలుగువారికి చిరపరిచితం. రెండు చోట్లా దాని అర్థం వేరు. అమెరికాలో అది పన్నెండో తరగతి తర్వాతి రెండేళ్లు, తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి తర్వాతి రెండేళ్లు. మద్రాసు యూనివర్సిటీ రోజుల్లో ఎఫ్.ఏ., ఆ తర్వాత ఇంటర్మీడియట్ యూనివర్సిటీ చదువులో భాగంగానే ఉండేవి. కాలక్రమంలో అవి పీయూసీగా మారి, 1969 ప్రాంతంలో మళ్లీ రెండేళ్ల ఇంటర్మీడియట్‌గా వచ్చి, 1971లో ఏర్పడిన ఇంటర్మీడియట్ బోర్డు చేతికి చేరాయి. ఒకప్పుడు కాలేజీ చదువైనది ఇప్పుడు డిగ్రీ లెక్కలోకి రాదు. పేరులో మాత్రం కాలేజీ మిగిలింది. ఆ రెండేళ్లు బడివా, కాలేజీవా అన్న ప్రశ్నకు రెండు దేశాలూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు చెప్పుకున్నాయి.

ఆ ప్రశ్నను అమెరికాలో గట్టిగా లేవనెత్తినవాడు చికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు రాబర్ట్ మేనార్డ్ హచిన్స్. హైస్కూల్ చివరి రెండేళ్లూ కాలేజీ తొలి రెండేళ్లూ నిజానికి ఒకే చదువని, అక్కడ గీత గీయడం వల్ల పిల్లల కాలం వృథా అవుతోందని ఆయన వాదం. 1937లో ఆ నాలుగేళ్లనూ కలిపి ఒక పాఠ్యక్రమం పెట్టారు. 1942లో దాని చివర బి.ఏ. పట్టా ఇవ్వడం మొదలుపెట్టారు. మిగతా యూనివర్సిటీలు ఆ పట్టాను సరిసమానంగా చూడలేదు. 1951లో హచిన్స్ వెళ్లిపోయాక ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. తానొక్కటే గీత చెరిపేసుకున్న కాలేజీకి తోడు దొరకదని ఆ అనుభవం చూపింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మగపిల్లలు సైన్యానికి వెళ్లడంతో తరగతులు ఖాళీ అయిన కాలేజీలు కొన్ని, హైస్కూల్ పూర్తికాని పిల్లలను పరీక్ష పెట్టి చేర్చుకున్నాయి. అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీ అలాంటిదే. 1944లో పన్నెండో తరగతి చదవకుండానే అక్కడ చేరిన పదిహేనేళ్ల కుర్రాడు మార్టిన్ లూథర్ కింగ్.

కొరియా యుద్ధంతో అదే సమస్య మళ్లీ వచ్చింది. ఫోర్డ్ ఫౌండేషన్ 1951లో నెలకొల్పిన విద్యాభివృద్ధి నిధి ఆ ఏడాదే చికాగో, కొలంబియా, విస్కాన్సిన్, యేల్ యూనివర్సిటీలకు డబ్బిచ్చింది. పదహారున్నర ఏళ్లు నిండని చురుకైన కుర్రాళ్లను ముందే కాలేజీలో చేర్చుకుని, సైన్యం పిలుపు వచ్చేలోగా రెండేళ్ల చదువైనా అందించాలన్నది ఉద్దేశం. తర్వాత ఈ పథకం పన్నెండు కాలేజీలకు పాకింది. ఆ పిల్లలు తమకన్నా పెద్దవాళ్లతో సమానంగానో మిన్నగానో చదివారని 1957లో వెలువడిన నివేదిక చెప్పింది. అయినా పథకం అంతకు మించి విస్తరించలేదు. తమ ఉత్తమ విద్యార్థులను చివరి ఏడాదికి ముందే కాలేజీలు లాగేసుకోవడం హైస్కూళ్లకు నచ్చలేదు. ఆ వయసులో పిల్లలను ఇల్లు దాటించడానికి తల్లిదండ్రులూ వెనకాడారు. పిల్లవాణ్ని కాలేజీకి తెచ్చే బదులు కాలేజీ పాఠాన్నే బడికి పంపడం మేలన్న ఆలోచన బలపడింది ఇక్కడే.

అదే నిధి సాయంతో రెండు అధ్యయనాలు జరిగాయి. ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే మూడు పేరున్న ప్రైవేటు బడులూ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలూ కలిసి మొదటిది చేశాయి. ఆ బడుల్లో చదివినవాళ్లు యూనివర్సిటీ మొదటి ఏడాదిలో తాము చదివిందే మళ్లీ చదువుతున్నారని 1952 నివేదికలో తేల్చారు. రెండోదానికి ఒహాయోలోని కెన్యన్ కాలేజీ అధ్యక్షుడు గోర్డన్ కీత్ చామర్స్ పూనుకున్నారు. పన్నెండు కాలేజీలు ఒక మాట మీదికొచ్చి, హైస్కూల్లో ఏం చదివితే, పరీక్షలో ఎంత తెచ్చుకుంటే తమ మొదటి ఏడాది చదువుగా ఒప్పుకుంటామో ముందే రాసి ఇచ్చాయి. ఆ అధ్యయనాన్ని నడిపిన విలియం కార్నాగ్ ఎవరంటే, వంద ఏళ్ల కిందటే డిగ్రీ అధికారం పొందిన ఫిలడెల్ఫియా సెంట్రల్ హైస్కూల్ అధ్యక్షుడు.

1955లో ఈ పనిని, కాలేజీ ప్రవేశ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు తీసుకుంది. విలియమ్స్ కాలేజీ చరిత్ర అధ్యాపకుడు చార్ల్స్ కెల్లర్ మొదటి డైరెక్టర్. 1956 మేలో 104 బడుల నుంచి 1,229 మంది విద్యార్థులు 2,199 పరీక్షలు రాశారు. 1 నుంచి 5 వరకు స్కోరు ఇవ్వడం, 3 వస్తే అర్హతగా చూడడం అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పద్ధతి. క్రెడిట్ ఇవ్వాలా వద్దా, ఎంత స్కోరుకు ఇవ్వాలి అన్నది మాత్రం ప్రతి కాలేజీ సొంత నిర్ణయం. ఈ ఒక్క నియమం తర్వాతి డెబ్బై ఏళ్ల చిక్కులన్నిటికీ మూలం. ఈ పద్ధతిలో నిజంగా మెచ్చుకోదగింది మరొకటుంది. పాఠ్యప్రణాళికలను బడి టీచర్లూ కాలేజీ ప్రొఫెసర్లూ కలిసి రాశారు. జవాబు పత్రాలు దిద్దడానికీ ఏటా వేసవిలో కలిసి కూర్చున్నారు. అంతకుముందు ఒకరి తరగతి గది ఒకరు చూసి ఎరగని రెండు వర్గాలవి.

1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించాక చురుకైన పిల్లలను వెతికి పట్టుకోవాలన్న ఆరాటం అమెరికాలో పెరిగింది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనాంట్ 1959లో హైస్కూళ్లపై రాసిన నివేదికలో ఈ కార్యక్రమాన్ని సిఫారసు చేశారు. అయినా అప్పటికి ఇది సంపన్న శివారు బడులదీ ప్రైవేటు బడులదీ. తెలివైనవాళ్లకు అని చెప్పినా ఆ తెలివిని గుర్తించే తీరు డబ్బున్న పేటల వైపే మొగ్గింది.

ఆ మొగ్గును ప్రశ్నార్థకం చేసినవాడు బొలీవియా నుంచి వలస వచ్చిన లెక్కల మాస్టారు హైమే ఎస్కలాంటే. ఆయన 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో చేరారు. అక్కడి పిల్లల్లో అత్యధికులు మెక్సికో మూలాలున్న కూలి కుటుంబాలవారు. కాలిక్యులస్ మాట అటుంచి, ఆ బడికి గుర్తింపు నిలుస్తుందా అన్న అనుమానమే ఉన్న రోజులవి. కొద్దిమందితో 1970ల చివర ఆయన కాలిక్యులస్ తరగతి మొదలుపెట్టారు. బడికి ముందూ బడి తర్వాతా సెలవుల్లోనూ పాఠం నడిచేది. కింది తరగతుల్లో లెక్కల పునాది లేకపోతే పై తరగతిలో ఎంత కష్టపడినా లాభం లేదని గ్రహించి, దగ్గర్లోని ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో వేసవి తరగతులు పెట్టించారు.

1982లో ఆయన విద్యార్థులు 18 మంది కాలిక్యులస్ పరీక్ష రాశారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష నిర్వహించిన సంస్థ వారిలో 14 మంది జవాబుల్లో పోలికలు కనిపించాయని అనుమానించి, మళ్లీ పరీక్ష రాయమంది. పేద పిల్లలు, స్పానిష్ పేర్లున్న పిల్లలు కాబట్టే ఈ అనుమానమని బడి నొచ్చుకుంది. సెలవుల్లో ఉన్న పిల్లలకు కొద్ది రోజుల్లో మళ్లీ పాఠాలన్నీ తిరగేయాల్సి వచ్చింది. 12 మంది రెండోసారి రాశారు. పన్నెండుగురూ ఉత్తీర్ణులయ్యారు. 1988లో వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’ సినిమా ఈ కథను దేశమంతటికీ చెప్పింది. సినిమా ఒక ఏడాదిలో జరిగిన అద్భుతంలా చూపినదాని వెనక ఏళ్ల తరబడి పేర్చిన తరగతుల వరుస ఉంది. ఎస్కలాంటేకు తోడు మరికొందరు టీచర్లున్నారు, అడ్డం పడకుండా అండగా నిలిచిన ప్రిన్సిపాల్ ఉన్నారు. ఈ సంగతి మరిచి, సినిమా చూసి కోర్సు పేరు మాత్రం పెట్టుకున్న బడుల్లో ఫలితాలు అలా రాలేదు.

కోర్సే లేని బడుల సంగతి మరీ అన్యాయం. కాలిఫోర్నియా యూనివర్సిటీలు సీటు ఇచ్చేటప్పుడు ఈ కోర్సుల గ్రేడుకు అదనపు విలువ కట్టేవి. తమ బడిలో ఆ కోర్సులు చాలినన్ని లేవని ఇంగిల్‌వుడ్ హైస్కూల్ విద్యార్థులు 1999లో రాష్ట్రం మీద దావా వేశారు. క్రెడిట్ అనేది బడి ఇచ్చే బహుమతి కాదని, ప్రభుత్వం అందరికీ సమానంగా అందించాల్సిన అవకాశమని కోర్టు మెట్లెక్కి అడిగిన దావా అది.

రెండో దారి, డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్, కూడా దాదాపు అదే కాలంలో మొదలైంది. 1955లో కనెటికట్ యూనివర్సిటీ ప్రొవోస్ట్ ఆల్బర్ట్ వా ఆ రాష్ట్ర హైస్కూళ్లలో యూనివర్సిటీ కోర్సులు పెట్టించారు. అర్హత ఉన్న హైస్కూల్ టీచర్లను యూనివర్సిటీయే ఎంపిక చేస్తుంది. సిలబస్ యూనివర్సిటీది, మార్కుల పట్టీ యూనివర్సిటీది. ఒక్క రోజు పరీక్ష మీద ఏదీ ఆధారపడదు, ఏడాది పొడుగునా చేసిన పనికే క్రెడిట్. ఇప్పటికీ నడుస్తున్న వాటిలో ఇదే పాతది. 1973లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ యూనివర్సిటీ అలాంటిదే మొదలుపెట్టింది. పన్నెండో తరగతి మధ్యకు వచ్చేసరికి కాలేజీ సీటు ఖాయమై పిల్లలు చదువు గాలికొదిలేస్తున్నారని చుట్టుపక్కల బడుల అధికారులు మొరపెట్టుకోవడం దానికి కారణం.

1974లో న్యూయార్క్ నగరంలో జరిగిన ప్రయోగం వీటన్నిటికన్నా సాహసమైంది. లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీలో జానెట్ లీబర్‌మన్ ‘మిడిల్ కాలేజ్ హైస్కూల్’ పెట్టి, చదువు మానేసే ప్రమాదంలో ఉన్న పిల్లలను కాలేజీ ఆవరణలోకే తెచ్చారు. అంతవరకు కాలేజీ పాఠం ముందే చదివే అవకాశం మార్కులు బాగా వచ్చేవాళ్లకు దక్కే గౌరవం. ఈ ప్రయోగంలో అది వెనకబడినవాళ్లకు ఊతమైంది. కాలేజీ విద్యార్థుల మధ్య తిరిగే పిల్ల తనను తాను కాలేజీకి తగినదానిగా చూసుకోవడం మొదలుపెడుతుందన్నది లీబర్‌మన్ నమ్మకం.

డబ్బు ప్రశ్నకు మొదటి గట్టి జవాబు మిన్నెసోటా నుంచి వచ్చింది. 1985లో గవర్నర్ రూడీ పెర్పిచ్ హయాంలో చేసిన చట్టం ప్రకారం పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులు కాలేజీకి వెళ్లి చదవవచ్చు. వాళ్లు ఫీజు కట్టనక్కర్లేదు, రాష్ట్రం బడికి ఇచ్చే డబ్బులో కొంత విద్యార్థి వెంట కాలేజీకి వెళుతుంది. ఆదాయం పోతుందని బడులు వ్యతిరేకించాయి. ఆ భయంతోనే చాలా బడులు తమ దగ్గరే కాలేజీ స్థాయి కోర్సులు పెంచుకున్నాయి. విద్యార్థికి రెండు విధాలా మేలే జరిగింది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం ‘రన్నింగ్ స్టార్ట్’ పేరుతో ఇలాంటి చట్టమే చేసింది.

2002లో గేట్స్ ఫౌండేషన్ సాయంతో ‘ఎర్లీ కాలేజ్’ హైస్కూళ్లు దేశవ్యాప్తంగా వెలిశాయి. తొమ్మిదో తరగతిలో చేరిన పేద పిల్లలు, ఇంట్లో కాలేజీ ముఖం చూసినవారెవరూ లేని పిల్లలు, బడి ముగిసేలోగా రెండేళ్ల కాలేజీ క్రెడిట్ల వరకు ఉచితంగా పొందే ఏర్పాటు ఇది. నార్త్ కరోలినా ఒక్క రాష్ట్రంలోనే ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. సీట్లకు లాటరీ తీసిన బడుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. లాటరీలో సీటు వచ్చినవారిలో 80 శాతం, రానివారిలో 71 శాతం కాలేజీలో చేరారు. రెండు గుంపుల్లోనూ ఒకే రకం పిల్లలు, తేడా లాటరీ చీటీ ఒక్కటే కాబట్టి ఈ ఫలితానికి బరువెక్కువ.

2022-23లో దాదాపు 25 లక్షల మంది హైస్కూల్ విద్యార్థులు డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులు చదివారు. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల్లో సుమారు ఐదో వంతు ఇప్పుడు హైస్కూల్ పిల్లలే. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఏటా 50 లక్షలు దాటాయి. ఇంత పెరిగినా నల్లజాతి విద్యార్థుల వాటా డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో వారి సంఖ్యకు తగినంత లేదు. ఒక్కో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షకు సుమారు 100 డాలర్ల ఫీజు. పేద విద్యార్థుల కోసం దానికి విడిగా కేటాయించిన కేంద్ర ప్రభుత్వ సాయాన్ని 2015 నాటి చట్టం ఇతర నిధుల్లో కలిపేసింది. కొన్ని రాష్ట్రాలు ఆ లోటు భరిస్తున్నాయి, కొన్ని భరించడం లేదు.

క్రెడిట్ సంపాదించడం ఒక ఎత్తు, అది చెల్లడం మరో ఎత్తు. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఒకే కోర్సు నంబర్ల పద్ధతి ఉండడంతో రాష్ట్రం లోపల మార్పిడికి చిక్కు తక్కువ. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు ఉదారంగా ఉండవు. 2018లో పట్టభద్రులయ్యే తరగతి నుంచి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్కోర్లకు డిగ్రీ క్రెడిట్ ఇవ్వబోమని డార్ట్‌మత్ కాలేజీ 2013లో ప్రకటించింది. సైకాలజీలో 5 తెచ్చుకున్న విద్యార్థులకు తమ పరీక్ష పెడితే ఎక్కువమంది తప్పారన్నది ఆ కాలేజీ చెప్పిన కారణాల్లో ఒకటి. కాలేజ్ బోర్డు ఆ వాదనను ఒప్పుకోలేదు. కొన్నిచోట్ల క్రెడిట్ ఇచ్చినా ప్రధాన విషయంలో కాక ఐచ్ఛిక కోర్సుల కిందే వేస్తారు. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌కు మరో సంగతి కూడా ఉంది. అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ మార్కుల పట్టీలో శాశ్వతంగా ఉండిపోతుంది, తక్కువ గ్రేడు తర్వాతి ప్రవేశాలకూ ఆర్థిక సాయానికీ అడ్డు కావచ్చు.

అందుకని అమెరికాలో పిల్లలను చదివించే తెలుగు కుటుంబాలు ఎన్ని ఏపీ క్లాసులన్న లెక్కకన్నా ముందు, చేరదలచిన యూనివర్సిటీ ఏ కోర్సుకు, ఎంత స్కోరుకు, ఏ ఖాతాలో క్రెడిట్ ఇస్తుందో దాని రిజిస్ట్రార్ ప్రకటించే జాబితాలో చూసుకోవాలి. ఆ జాబితాలు ఏటా మారుతుంటాయి. చూసుకోవలసింది పన్నెండో తరగతి చివర కాదు, కోర్సు ఎంచుకునే రోజున.